ఉసిరిచెట్ల కింద ఎర్రలు

ఇంటర్నెట్‌లో నాకొక పేజీ ఉంది. అందులో నా పేరు, మా సంస్థ పేరు, నేను పాలుపంచుకున్న పరిశోధన పత్రం పేరు, దాన్ని లోకంలో ఎన్నిసార్లు ఉదహరించారన్న అంకె ఉంటాయి. ఆ అంకె ఇప్పటికీ పెరుగుతోంది. ఆ పేపరు తప్పు. తప్పని మేమే ప్రకటించాం. అయినా పెరుగుతోంది.

ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగిన మా మనవరాలు స్వీటీ ఒకరోజు ఫోన్‌లో ఆ పేజీ చూసి కేకేసింది. "అమ్మమ్మా, ఆప్ తో సైంటిస్ట్ నికలీ!" నువ్వు సైంటిస్టువని తేలిందే అని దాని ఆశ్చర్యం.

"సైంటిస్టూ లేదు, ఏటీ లేదు. ముందా సేట ఇలా తే" అన్నాను.

పరిశోధన సంస్థల్లో ఫీల్డ్ పనికి కొత్తగా చేరే పిల్లలకి పనికొచ్చేలా ఏదైనా రాయమని మా తెలుగు సంఘం సంచికవాళ్లు అడిగారు. ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చింది ఒక్కటే, కాంట్రాక్టు కూలీ నుంచి ఫీల్డ్ సహాయకురాలికి. ఆ రోజు కూడా అదే గుట్ట ఎక్కాను, అదే గునపం పట్టుకున్నాను. అందుకని ఆ తప్పు పేపరు గురించే రాస్తాను. దాని వల్ల ఒక మనిషి ఉద్యోగం ఊగిసలాడింది. నాకు తెలిసిన శాస్త్రమంతా అందులోనే ఉంది.

పనేమిటంటే

మేముండే బిర్సానగర్ అవతల ఉక్కు కర్మాగారంవాళ్ల పాత స్లాగ్ గుట్ట ఒకటి ఉండేది. ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం ఏళ్ల తరబడి తెచ్చి పోసిన గుట్ట. దాని మీద పల్చగా మట్టి పరిచి చెట్లు నాటారు. ఏ చెట్టు కింద నేల తొందరగా ప్రాణం పోసుకుంటుందో చూడడం మా సంస్థ పని. ఆ సంగతి చెప్పేవి వానపాములు. మా శ్రీకాకుళం వైపు వాటిని ఎర్రలంటాం.

ఇనుప చట్రం నేల మీద పెట్టి, అందులో పట్టినంత మట్టిని జానెడు లోతు తవ్వి, తెల్ల ఎనామిల్ పళ్లెంలో పోసి, వేళ్లతో విడదీసి ఎర్రల్ని ఏరాలి. కడిగి లెక్కపెట్టి తూచాలి. వినడానికి సులువు, చెయ్యడానికీ సులువే. కష్టం ఎక్కడంటే, ఏమీ లేని మట్టిని కూడా అంతే ఓపికగా వెతకాలి. రెండు ఎర్రలు కనిపించిన పళ్లెంలో మూడోదాని కోసం కళ్లు వాటంతటవే వెతుకుతాయి. ఏమీ కనిపించని పళ్లెం దగ్గర చెయ్యి తొందరపడుతుంది. కొత్తవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇది: సున్నా రాయాలన్నా పూర్తిగా వెతకాలి.

అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. తెలుగు సంఘంలో సాయంత్రాలు ఆడవాళ్లకి చదువు చెప్పేవారు, తెలుగు అక్కడ నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు చెట్లకి కట్టిన రేకు ముక్కల మీద నేర్చుకున్నాను. చాలాకాలం నాకు ఇంగ్లీషంటే చెట్ల పేర్లే. చదవడం వచ్చాక మా సంస్థలో అందరూ దేని కోసం తిరుగుతున్నారో అర్థమైంది. అంతకుముందు ఎర్రల కోసమనుకునేదాన్ని.

పేరంటం

సైంటిస్టు ఒక విషయం కనుక్కుంటే దాన్ని పేపరుగా రాసి పత్రికకి పంపుతాడు. తర్వాత ఇంకొకరు తమ పేపరులో "ఫలానావారు ఇలా అన్నారు" అని దాని పేరెత్తితే అది సైటేషన్. ఎన్నిసార్లు పేరెత్తితే అంత గొప్ప.

నేను చేరినప్పుడున్న పెద్దసారు దగ్గర ఈ సంగతి తెలుసుకున్నాను. ఆయనకి మోకాళ్ల నొప్పులు, గుట్ట ఎక్కేవారు కాదు. ఫొటో తీసే రోజు మాత్రం మోకాళ్లు సహకరించేవి. ఒక్క తవ్వకం మీద మూడు పేపర్లు రాసేవారు. ఎర్రల బరువు మీద ఒకటి, పొడుగు మీద ఒకటి, బరువుకీ పొడుగుకీ ఉన్న సంబంధం మీద ఒకటి.

ఆయనకి ఊరూరా స్నేహితులు. ఒకసారి ఫోన్‌లో ఎవరినో నిష్ఠూరమాడుతుంటే విన్నాను. ఈసారి నా పేపరు మర్చిపోయారేం, నేను మీవి రెండు పెట్టానే అని. నాకు మా వీధిలో శ్రావణమాసం పేరంటం కళ్ల ముందు కనబడింది. వాళ్లింటికెళ్లి శనగలూ తాంబూలం పుచ్చుకున్నాక మనింటికి వాళ్లని పిలవాలి. పిలవకపోతే మాటొస్తుంది. ఆ శనగలు వండుకున్నారా, పారబోశారా అని ఎవరూ అడగరు, అందాయా లేదా అన్నదే లెక్క. ఆ గొంతు కూడా అచ్చం మా గౌరి వదిన గొంతే. గౌరి వదిన మా పక్కింటావిడ. మా వీధిలో పేరంటాలకీ పూజలకీ పెద్ద. ఇందులో ఆవిడ పాత్ర చాలా ఉంది.

పెద్దసారుని వెక్కిరించడం తేలికే గానీ, ఆయన నేర్పిన ఒక పద్ధతి చివరిదాకా నన్ను కాపాడింది. "మంచి చోటు చూసి తవ్వకు. కళ్లు మూసుకుని రాయి విసురు, పడ్డచోట తవ్వు" అనేవారు. చోటు మనం ఎంచుకుంటే అక్కడ దొరికేది మన ఇష్టమే. గుట్ట ఎక్కని మనిషి చెప్పినా ఆ మాట సరైనదే.

శారద మేడం

పెద్దసారు రిటైరయ్యాక వైజాగ్ నుంచి శారద మేడం వచ్చారు. సోనారిలో అద్దెకుండి స్కూటర్ మీద వచ్చేవారు. మేము చేరేసరికే గుట్ట మీద ఉండేవారు. నన్ను "పైడమ్మగారూ" అని పిలిచేవారు. ఆ సంస్థలో నాకు "గారు" తగిలించింది ఆవిడొక్కరే. మొదట్లో వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేదాన్ని.

ఆవిడది కొన్నేళ్ల కాంట్రాక్టు ఉద్యోగం. గడువు తీరాక ఒక కమిటీ కూర్చుంటుంది. ఉంచితే పర్మనెంటు, లేకపోతే సామాను సర్దుకోవాలి. కమిటీ చూసేది ముఖ్యంగా ఒకటే, ఆవిడ పేపర్లని ఎంతమంది ఉదహరించారని.

గుట్ట మీద చెట్లు ఆవిడ రాకముందు నాటినవి. కానుగ ఒక మడి, వేప ఒక మడి, దిరిసెన ఒక మడి, గేటు పక్కన ఉసిరి ఒక మడి. ఒక్కో జాతి ఒక్కో చోట. వేటికవి విడిగా ఉంటే చూడ్డానికి బాగుంటుందని నాటినవాళ్లు అనుకుని ఉంటారు.

కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద భోజనం చెయ్యాలి కదా. ఈ ఊళ్లో తెలుగువాళ్లకి ఉసిరిచెట్లు ఎక్కడివి? క్వార్టర్ల పెరళ్లలో ఒకటీ అరా. మా గుట్ట మీద ఏకంగా తోట. పైగా వాచ్‌మన్ మా పలాసవాడు. బిర్సానగర్ తెలుగువాళ్లందరం ఏటా అక్కడికే వచ్చేవాళ్లం, ఒక్కో కుటుంబానికి ఒక్కో చెట్టు. చెట్టు మొదట్లో పాలు పోసి, దీపం పెట్టి, అడ్డాకు విస్తర్లు వేసుకుని తినేవాళ్లం. మిగిలిందంతా చెట్టుకే. ఎండాకాలంలో చెట్లు మాడిపోతాయని గౌరి వదినా మరికొందరూ కుడితి బిందెలు మోసుకొచ్చి పోసేవాళ్లు.

శారద మేడం కూడా ఏటా పులిహోర చేసుకుని వచ్చేవారు. డైరెక్టర్‌గారు ఒకసారి వచ్చి బూరెలు తిని వెళ్లారు. ఇందులో దాపరికమేమీ లేదు, అంతా పట్టపగలు, పదిమంది ఎదుట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానో మీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియడానికి ఏళ్లు పట్టింది. చట్రం పట్టుకున్నప్పుడు నేను ఫీల్డ్ సహాయకురాలిని, విస్తరి వేసుకున్నప్పుడు కార్తీకం చేసుకునే మనిషిని. ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. మేడం పరిస్థితీ అంతే. రెండు డిగ్రీలు ఎక్కువున్నాయి, అదే తేడా.

వానలు తగ్గాక తవ్వితే ఉసిరి మడిలో ఎర్రలే ఎర్రలు. వేప కింద, కానుగ కింద వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మేడం నమ్మలేదు. మళ్లీ రాయి విసిరాం, మళ్లీ తవ్వాం. తర్వాతి ఏడు కూడా అంతే. లెక్కలో ఒక్క ఎర్ర కూడా అబద్ధం కాదు. స్లాగ్ నేలకి ప్రాణం పోసే చెట్టు ఉసిరి అని మేడం పేపరు రాశారు, పెద్ద పత్రికలో వచ్చింది.

దానికి ముగ్గురు రచయితలు. మొదటి పేరు మేడంది. రెండో పేరు డైరెక్టర్‌గారిది. ఆ తోటలో ఆయన తవ్వింది బూరెలోని పూర్ణం ఒక్కటే. మూడో పేరు నాది. డబ్బిచ్చిన సంస్థవాళ్లు స్థానికుల భాగస్వామ్యం చూపించాలన్నారట. "పైడమ్మ పేరు వేసెయ్యండి, స్థానికులు అయిపోతారు" అని డైరెక్టర్‌గారు తేల్చేశారు. వాళ్లు అడగకపోయినా వేసేదాన్నని మేడం నాతో అన్నారు. ఆవిడ మాటే నమ్మాను.

గోడ మీద బోర్డు

మా డైరెక్టర్‌గారు అంతకుముందు కర్మాగారంలో పెద్ద హోదాలో పనిచేసి వచ్చినవారు. అక్కడ గేటు దగ్గర, ప్రమాదం లేకుండా గడిచిన రోజుల లెక్క బోర్డు మీద చూపిస్తారు. అలాంటిదే మా సంస్థ వరండాలోనూ పెట్టించారు. ఎర్ర లైట్ల అంకెలు, మొత్తం సైటేషన్లు. ప్రతి సోమవారం ఆయన దాని ముందు కాసేపు నిలబడి గాని లోపలికి వెళ్లేవారు కాదు.

ఉసిరి పేపరు వచ్చాక ఆ అంకె పరుగు పెట్టింది. ఎక్కడెక్కడో గనుల గుట్టల మీద, బూడిద గుట్టల మీద ఉసిరి నాటారు. రెండు మూడేళ్లకి వాళ్లూ పేపర్లు రాశారు. మేడం అవి ఒక్కొక్కటే చదివి పక్కన పెట్టేవారు. అంకె పెరిగేకొద్దీ ఆవిడ మాట తగ్గిపోయింది.

"ఏటి మేడం, లెక్క పెరిగితే మొహం అలా పెట్టారు?" అనడిగాను.

"వీళ్లలో సగంమంది నేను చెప్పింది తమ దగ్గర జరగలేదంటున్నారు పైడమ్మగారూ."

"మరి పేరెత్తుతున్నారు కదా?"

"తప్పని చెప్పాలన్నా పేరెత్తాలిగా."

"మా గౌరొదిన పేరు కూడా మా ఈధిలో అలాగే ఎత్తుతారు. ఆవిడకి పరపతి బాగానే ఉంది మేడం."

ఆవిడ నవ్వారు గానీ, చేతిలో కాగితం కింద పెట్టలేదు. కమిటీ పై ఏడాది చలికాలంలో కూర్చుంటుందని అప్పటికే ఉత్తరం వచ్చింది.

చేతులు కడిగిన నీళ్లు

ఆ కార్తీకంలో కూడా అందరం వెళ్లాం. భోజనాలయ్యాక మేడం తన విస్తరి మడిచి, మిగిలిన చారన్నంతో సహా చెట్టు మొదట్లో పెట్టారు. అక్కడే చేతులు కడుక్కున్నారు. కడుక్కుంటూ చెంబు అలాగే పట్టుకుని ఆగిపోయారు.

గౌరి వదిన చూసింది. "ఏటమ్మా, అలా నిలబడిపోనావు? సెట్టుకి మొక్కుకుంటన్నావేటి?"

"గౌరిగారూ, మిగిలినవన్నీ మీరు ఎక్కడ పోస్తారు?"

"ఇక్కడేనమ్మా. ఉసిరి సెట్టుకి పోత్తే పున్నెం కదా."

"వేసవిలో కుడితి?"

"అదీ దీనికే. ఆ ఎండకి మాడిపోద్ది కదా, పాపం."

"మరి ఆ కానుగ చెట్లకి?"

"వాటికెందుకమ్మా? వాటి కింద మనం తినం కదా!"

మేడం అక్కడే మట్టిలో కూలబడ్డారు. పట్టుచీర అన్న ధ్యాస కూడా లేదు. నా వైపు చూసి మెల్లగా అన్నారు. "పైడమ్మగారూ, మనం కొలిచింది ఉసిరిని కాదు. పులిహోరని."

నాకు నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడు కమిటీ గుర్తొచ్చి నా నవ్వూ ఆగిపోయింది. ఆవిడ లెక్కలో చెప్పుకోదగ్గ పేపరు అదొక్కటే.

తిరిగొస్తుంటే నేనే అన్నాను. "మేడం, కమిటీ అయ్యేదాకా ఊరుకోండి. ఎర్రలు ఎక్కడికీ పోవు."

"పోతాయి పైడమ్మగారూ. అన్నం ఆపితే పోతాయి. అదే చూడాలి."

నా సలహా చెడ్డదని ఇప్పటికీ అనుకోను. జీతం మీద బతికేవాళ్లకి ఎవరైనా అదే చెబుతారు. ఆవిడ వినలేదు. అంతే.

కానుగకి కుడితి

ఉసిరి మడికి మధ్యలో తాడు కట్టించారు. తాడుకి అవతల సగంలో నీళ్లు గాని, విస్తర్లు గాని పడకూడదు. ఇవతల సగం ఎప్పటిలాగే. కుడితిలో కొంత తీసుకెళ్లి కానుగ మడిలో పొయ్యాలి. ఇదీ ఏర్పాటు. దీన్ని గౌరి వదినకి చెప్పే బాధ్యత నాకప్పగించారు.

"ఏటే పైడీ, దేవుడికి సగం, మీ మేడానికి సగమేటి?" అని లేచింది వదిన. "కానుగ సెట్టుకి నైవేద్దెం పెట్టినోళ్లని ఎక్కడైనా సూసినావా?"

"పున్నెం సంగతి నాకు తెల్దు గానీ, ఎర్రలు వత్తాయేమో సూడాలి వదినా."

"ఎర్రలు మనకెందుకే? మనమేటి గేలాలేసి సేపలు పడతన్నామా?"

మర్నాడు మేడం స్వయంగా బిర్సానగర్ వచ్చి వదిన ఇంట్లో చాప మీద కూర్చున్నారు. టీ తాగి, ఈ లెక్క తేలకపోతే తను రాసిన అబద్ధం తన పేరు మీదే ఉండిపోతుందని చెప్పారు. వదినకి శాస్త్రం అర్థమైందో లేదో తెలియదు. పేరు పోవడమంటే ఏమిటో మాత్రం బాగా తెలుసు. ఆ వేసవంతా కానుగ మడికి కుడితి మోసింది. పోస్తూ ఆ చెట్లని తిట్టేది. "తాగండర్రా, ఊరకే వచ్చింది కదా, తాగండి."

వానలు వచ్చాయి. కళ్లు మూసుకుని రాయి విసిరాను, పడ్డచోటల్లా తవ్వాం. కానుగ కింద పళ్లెం నిండా ఎర్రలు. తాడుకి అవతలి ఉసిరి కింద వేప మడిలాగే దాదాపు ఏమీ లేదు. తాడుకి ఇవతల, కూడు పడే సగంలో, ఎప్పటిలాగే కళకళలాడుతున్నాయి. మేడం మట్టిచేతులతోనే నా భుజాలు పట్టుకుని ఊపేశారు. తన పేపరు తప్పని తేలినందుకు అంత సంతోషపడిన మనిషిని ఆ తర్వాత నేను చూడలేదు. ముందూ చూడలేదు.

సంతకాలు

పేపరు వెనక్కి తీసుకోవాలంటే దాని రచయితలందరూ ఒప్పుకోవాలట. అంటే నేను కూడా. అక్షరాలు వచ్చాక నేను పెట్టిన సంతకాల్లో చాలావరకు జీతం అందినందుకు పెట్టినవి. తప్పు చేశాం అన్నదాని కింద పెట్టడం అదే మొదలు. పెట్టేశాను. డైరెక్టర్‌గారు మాత్రం పెన్ను ముట్టుకోలేదు.

"శారదాజీ, యే క్యా పాగల్‌పన్ హై? కమిటీ సామ్నే హై!" అన్నారు. ఇదేం పిచ్చి, కమిటీ నెత్తి మీదుంటే అని.

"గలత్ హై సర్" అన్నారు మేడం.

"గలత్ హై తో క్యా హువా? సైట్ తో హో రహా హై!" తప్పయితే ఏం, పేరైతే ఎత్తుతున్నారుగా అని ఆయన బాధ. నా వైపు తిరిగి, "పైడమ్మా, తుమ్ సమ్‌ఝావో ఇన్‌కో" అన్నారు.

"సమ్‌ఝాయా థా సాబ్. ఉల్టా ఇన్హోనే ముఝే సమ్‌ఝా దియా" అన్నాను. నేను నచ్చజెప్పబోతే ఆవిడే నాకు నచ్చజెప్పారని.

వారాలు గడిచాయి. ఆ కాగితం ఆయన బల్ల మీద ఫైళ్ల అడుక్కి పోయింది. ఈలోగా కమిటీ పెద్దలకి తీరిక కుదరక సమావేశం ఆ చలికాలం కాక పై చలికాలానికి వెళ్లింది. మేడం కాంట్రాక్టుని మూణ్ణెల్లకోసారి పొడిగిస్తూ వచ్చారు. సోనారిలో ఇంటి ఓనరు ప్రతిసారీ, "ఖాళీ చేస్తారా, ఉంటారా?" అని అడిగేవాడు.

చివరికి డైరెక్టర్‌గారి మనసు మార్చింది మా లైబ్రేరియన్. పేపరు వెనక్కి తీసుకున్నా పాత సైటేషన్లు ఎక్కడికీ పోవనీ, తప్పు ఒప్పుకున్న ప్రకటన ఇంకో రచనగా లెక్కకొస్తుందనీ, దాన్ని ఉదహరించినా బోర్డు మీద కూడుతుందనీ మాటల మధ్యలో చెప్పాడు. ఆ మధ్యాహ్నమే కాగితం ఫైళ్ల అడుగునుంచి పైకొచ్చింది. ఆకుపచ్చ సిరాతో పెద్ద సంతకం చేసి, సైన్సులో నిజాయితీని మించింది లేదని మా ఇద్దరికీ కాసేపు బోధించారు. శ్రద్ధగా విన్నాం.

తీసే గడి

కమిటీ జరిగిన సాయంత్రం మేడం నన్ను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని బిష్టుపూర్‌లో ఒక టీ దుకాణానికి తీసుకెళ్లారు. ఉద్యోగం పోయింది కాబోలనుకున్నాను. టీ వచ్చాక చెప్పారు.

తను వెనక్కి తీసుకున్న పేపరు సంగతే ముందుగా కమిటీకి చెప్పారట. దానికి వచ్చిన సైటేషన్లు తీసేసి మిగిలినవే చూడమన్నారట. కమిటీ పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని అన్నాడట: "తీసేసి చూసే పద్ధతి లేదమ్మా. మా కాగితంలో కూడే గడి ఉంది, తీసే గడి లేదు."

పైగా ఆ ప్రకటనకి మంచి పేరొచ్చింది. ప్రయోగం ఎలా చెయ్యకూడదో చెప్పడానికి అందరూ మా వనభోజనాన్ని ఉదహరిస్తున్నారు. అంకె ఇంకా పెరిగింది. మేడం, అసలు నిజం చెప్పిన కొత్త పేపరు, కుడితీ కానుగా లెక్కలున్నది, వాళ్ల ముందు పెట్టారు. అది చిన్న పత్రికలో వచ్చింది. పెద్దాయన తిరగేసి, "దీనికి సైటేషన్ ఒక్కటే ఉంది. ఇది లేకపోయినా ఫరవాలేదు" అని పక్కన పెట్టాడట.

"ఆ ఒక్కరెవరు మేడం?"

"నేనే."

మేడం ఉద్యోగం పర్మనెంటయింది. చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో సంతోషం, అవమానం రెండూ కనిపించాయి. "నేను సరిగ్గా చేసినదానికి కాదు పైడమ్మగారూ, తప్పు చేసినదానికి ఉంచారు."

"ఉంచారు కదా. సమోసా తినండి."

రెండు తిన్నారు. ఆ తర్వాత ఇంటి ఓనరుకి ఫోన్ చేసి, ఉంటున్నానని చెప్పారు.

కొత్త పిల్లలూ, అంకెలు చెడ్డవని నేను చెప్పడం లేదు. వాటి వల్లే మా మేడం ఈ ఊళ్లో ఉన్నారు. కానీ కూడే గడి ఎవరైనా నింపుతారు. తీసే గడి మీరే గీసుకోవాలి. ఆ పని చేసినందుకు జీతం పెరగదు. పెరిగినా, నేను చెప్పినట్టు, వేరే కారణానికి పెరుగుతుంది.

విస్తర్లు వేసేముందు

నేను రిటైరయ్యాక ఊరికి ఇంకో వైపు కొత్త గుట్ట మీద మొక్కలు నాటారు. మొత్తం ఉసిరే. ఎవరో మా పాత పేపరు చదివారు, ప్రకటన చదవలేదు. చూసొద్దామని మేడం, నేను, గౌరి వదిన వెళ్లాం. చెట్లు మనిషెత్తు వచ్చాయి. కింద నేల బొగ్గులా ఉంది. మేడం నడుము మీద చేతులు పెట్టుకుని ఆ వరుసలన్నీ చూస్తూ నిలబడ్డారు.

"ఇన్ని చెట్లు. అన్నీ నా మాట నమ్మి."

"మరేటయింది?" అంది గౌరి వదిన. "వచ్చే కార్తీకం ఇక్కడే వండుదాం. నీ కాయితం నిజమైపోద్ది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మేడం నవ్వారు. ఉసిరిచెట్టు కింద మొదలైన ఆ వ్యవహారంలో ఆవిడ మనసారా నవ్వడం అదే మొదటిసారి.

కార్తీకం వచ్చింది. గిన్నెలూ విస్తర్లూ ఆటోల్లో వేసుకుని వెళ్లాం. మేడం స్కూటర్ మీద ముందు పులిహోర డబ్బా, వెనక ఇనుప చట్రం, తెల్ల పళ్లెం. గౌరి వదిన పాలచెంబు పట్టుకుని చెట్టు దగ్గరికి నడుస్తుంటే మేడం చెయ్యి అడ్డుపెట్టారు.

"ఒక్క నిమిషం గౌరిగారూ. ఇంకా ఏమీ పొయ్యకండి."

"ఇదిగో, మొదలెట్టేసింది" అని చెంబు పట్టుకుని నిలబడింది వదిన. వెనక పిల్లలు ఆకలో అంటున్నారు.

కళ్లు మూసుకుని రాయి విసిరాను. పడ్డచోట చట్రం పెట్టి జానెడు లోతు తవ్వాను. పళ్లెంలో పోసి, ప్రతి గడ్డా చిదిపి, ప్రతి వేరూ దులిపి, తొందరపడకుండా వెతికాను. ఏమీ లేదు. రెండోసారి కూడా వెతికాను. సున్నా అని చెప్పాను, మేడం రాసుకున్నారు.

అప్పుడు విస్తర్లు వేశాం.